త్రాసుగదిలో సున్నా

ఆ కాలేజీలో పాత త్రాసుగది పేరెత్తితే అందరికీ హడలే. చీకటి పడితే ఆ వరండాలోకి ఎవరూ అడుగు పెట్టరు. తాళం వేసిన గదిలో త్రాసు టిక్కుమంటుందట... నేనైతే వినలేదు బాబూ. నాకు చెప్పినవాళ్ళు చెప్పినట్టే చెబుతున్నా.

ఒకప్పుడు ఆ గది ఒక ప్రొఫెసరుది. ఆయన త్రాసంటే మన కూరగాయల త్రాసు కాదండోయ్, మహా సుకుమారం. పక్కన మనిషి కూర్చుంటే చాలు, ఆ ఒంటి వేడికి ముల్లు అటువైపు ఒరిగేది. తను పక్కన కూర్చుంటే ఎంత ఒరిగిందో ఆ తేడాని ఆయన ప్రతి వ్యాసంలోనూ అచ్చు వేయించేవాడు. భార్య పోయిన ఏడాది మాత్రం తేడా సున్నా అన్నాడు. "పక్కన తనే ఉండగా సున్నా ఏంటి? దొంగ లెక్క!" అని తోటివాళ్ళు దుమ్మెత్తిపోశారు. ఉద్యోగం ఊడింది. ఆ గదిలోనే పోయాడు.

అది జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు సైన్సు చరిత్ర చెప్పే లెక్చరరమ్మ ఒకావిడ ఆయన మీద పుస్తకం రాస్తోంది. పాత ప్రయోగాన్ని పాత పనిముట్లతోనే మళ్ళీ చేసి చూడటం ఆవిడ పద్ధతి. సున్నా రాకపోతే ఆయన అబద్ధాలకోరని అచ్చులో పడిపోతుంది. చచ్చినవాడు లేచొచ్చి వాదించుకోలేడు కదా!

ఆవిడ మొగుడు పోయి నాలుగు నెలలు. కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. తింటుంది, పాఠం చెబుతుంది, పడుకుంటుంది. బాధ లేదు, భయం లేదు, ఏమీ లేదు. "మనిషివా, రాయివా వదినా?" అని ఆడపడుచు అననే అంది. అదే కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది ఆ పిల్ల. అన్నంటే ప్రాణం. లోపల వదిన మీద కత్తులు నూరుతూనే, ఆ గదికి ఒంటరిగా పంపలేక తోడొచ్చింది.

రాత్రే వెళ్ళారు. పగలైతే బండ్ల అదురుకి ముల్లు నిలవదు. చూసేవాళ్ళ వేడి కూడా తగలకూడదు కాబట్టి వాళ్ళు పక్కగదిలో ఉండి, గోడకున్న కంతలోంచి దుర్భిణితో చూడాలి.

ముందు ఆడపడుచు లోపల కూర్చుంది, త్రాసుకి కుడిపక్కన. ముల్లు బుద్ధిగా కుడికి ఒరిగింది. ప్రొఫెసరు పని అయిపోయినట్టే.

తర్వాత వదిన వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంది.

కంతలోంచి ఆడపడుచు గొంతు వినిపించింది.

"కూర్చో వదినా."

"కూర్చున్నాను."

"త్రాసు పక్కనేనా?"

"చెయ్యి చాపితే అందుతుంది."

గోడ అవతల ఆ పిల్ల మళ్ళీ దుర్భిణిలోకి చూసింది. తర్వాత, గొంతు తగ్గించి —

"కదల్లేదు వదినా... సున్నా."

అయితే ముసలాయన అబద్ధమాడలేదన్నమాట. కట్టుకున్నవాళ్ళు పోతే మనిషి ఇలాగే చల్లారిపోతాడు కాబోలు, అనుకుందావిడ. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. పుస్తకంలో ఏ పేజీ మార్చాలా అని ఆలోచిస్తూ లేచి, తలుపు మూసి, ఆడపడుచు దగ్గరికొచ్చింది.

ఆ పిల్ల దుర్భిణి వదల్లేదు.

"వదినా... నువ్వు లేచావు చూడు — అప్పుడు కదిలింది."

"ఎటు?"

"ఎడమకి."

ఆవిడ వంగి చూసింది. గదిలో పురుగు కూడా లేదు. ముల్లు మాత్రం ఎడమకి ఒరిగే ఉంది... ఇందాక ఆడపడుచు కూర్చున్నప్పుడు కుడికి ఎంత ఒరిగిందో, సరిగ్గా అంత.

అటు ఎంత వేడి ఉందో ఇటూ అంతే ఉంటే, ముల్లు ఎటూ ఒరగదు. సున్నా అంటే అదీ! తను చల్లారిపోలేదు. తను కూర్చున్నంతసేపూ అవతలి పక్కన ఇంకెవరో కూర్చున్నారు. పాపం, ఆ ముసలాయనకీ అలాగే ఎవరో కూర్చుని ఉంటారు.

"వెళ్ళిపోదాం వదినా, నీకు దణ్ణం పెడతాను," అని ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకుంది. మళ్ళీ లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ముల్లు మెల్లగా మధ్యకొచ్చి ఆగింది.

"అన్నయ్యా..." అంది ఆడపడుచు, గోడకి నోరు ఆనించి.

లోపల వదిన భోరుమంది.