రెండో ట్రాకు

"ఇది స్టూడియోనా, పరుపుల కొట్టా?"

గుమ్మంలో గొడుగు దులుపుతూ ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది.

అనడంలో తప్పేం లేదు. మేడ మీద చిన్న గది. మూడు గోడలకూ పాత పరుపులు, బొంతలు వేలాడుతున్నాయి. కిటికీకి మందపాటి దుప్పటి. బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన నల్లటి చిన్న పెట్టె, ఆ పెట్టె నిండా గుచ్చిన తీగలు. ఈ తీగల పుణ్యమా అనే, అక్కడ పాటలు రికార్డు చేసే కుర్రాణ్ణి ఇంట్లో వాళ్ళంతా తీగల బాబు అంటారు.

"గదిలో గొంతు మోగకుండా ఆపుతాయండీ పరుపులు. పడుకోవడానికి కాదు," అన్నాడు.

"మీ మొహం చూస్తే ఇప్పుడే లేచినట్టుంటేనూ, అడిగాను."

అతను గబుక్కున జుట్టు సవరించుకున్నాడు. వెనకాల మెట్లెక్కి వస్తున్న ఆమె తల్లి నవ్వింది. "దాని మాటలు పట్టించుకోకు బాబూ. భయం వేస్తే అది ఇలాగే మాట్లాడుతుంది."

ఆ భయం దేనికో కాసేపట్లో తెలిసింది. ఆ తల్లి ఇన్నాళ్ళుగా ఇంట్లోనే పిల్లలకు పాటలు నేర్పుతోంది. అందరికీ ఆవిడ టీచరమ్మే. ఇప్పుడు గొంతులో బుడిపె లేచింది. వచ్చే వారం ఆపరేషను. గొంతు తిరిగొస్తుంది గానీ అచ్చం ఇదే గొంతు వస్తుందని మాటివ్వలేనన్నాడు డాక్టరు. పిల్లల కోసం ఆవిడ సొంతంగా కట్టిన పాటలున్నాయి, చీమల మీదా, చిరిగిన చెప్పుల మీదా, ముక్కు కారే తమ్ముడి మీదా. ఆ పాటల్ని ఆవిడ గొంతులోనే దాచుకోవాలని కూతురి ఆరాటం.

"రోజుకి అరగంటే పాడాలన్నారు. మీరు తీగలు సర్దుకోవడానికి అందులోంచి ఒక్క నిమిషం ఇవ్వను," అంది అమ్మాయి.

ఆమెది కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్షించే ఉద్యోగం. మామూలుగా చూసినా అద్దాలు మార్చి మార్చి చూస్తున్నట్టే ఉంటుంది. ఆ చూపు మీద పడేసరికి ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తీగల బాబుకి ఒక్క క్షణం తోచలేదు.

పాట మొదలైందో లేదో, టీచరమ్మ హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఎవరో నా వెనకాలే పాడుతూ వెక్కిరిస్తున్నారు బాబూ."

"అది మీ గొంతేనండీ. మైకులోంచి ఈ పెట్టెలోకీ, పెట్టెలోంచి కంప్యూటరులోకీ వెళ్ళి, మళ్ళీ మీ చెవికి వస్తోంది. అంతా తిరిగొచ్చేసరికి ఆలస్యమవుతోంది."

కూతురు గయ్యిమంది. "మరి అంత తిప్పడం దేనికి? పక్క గదిలోకి వెళ్ళడానికి ఊరంతా చుట్టినట్టు! అసలు మీకు పని వచ్చా?"

వచ్చు. ఆ పూట కంగారులో మర్చిపోయాడంతే. పెట్టె మీది చిన్న బొత్తాం తిప్పి, ఆవిడ గొంతు పెట్టెలోంచి నేరుగా ఆవిడ చెవికే వెళ్ళేలా దారి మార్చాడు. కంప్యూటరు తన మానాన తాను రికార్డు చేసుకుంటుంది.

"ఆఁ, ఇప్పుడు నా గొంతు నా దగ్గరే ఉంది," అంది టీచరమ్మ.

ఉంది గానీ, పాటలో ప్రాణం లేదు. పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయి పాడింది. ఆవిడకే తెలిసింది. "నువ్వు పక్కన పాడవే. ఈ పాటలన్నీ నీతో పాడుతూనే కట్టాను కదా."

"నేను పాడటం మానేసి ఎన్నేళ్ళయిందమ్మా!"

"నువ్వు మానేశావు. నేను మానెయ్యమన్నానా?"

అమ్మాయి మొహం ముడుచుకుంటూనే తల్లి పక్కన నిలబడింది. ఇద్దరూ అందుకున్నారు. చీమల పాట. నవ్వు రావాల్సిన పాటకి తీగల బాబు ఒళ్ళు ఝల్లుమంది. పాట అయ్యాక వినిపిస్తే మాత్రం అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"నాకు అమ్మ గొంతు విడిగా కావాలి. నా బొంగురు గొంతు అందులో వద్దు."

"బొంగురేం కాదు."

"మిమ్మల్ని అడిగానా?"

"లేదండీ."

"మరి?"

"తప్పయిపోయింది."

టీచరమ్మ ఇద్దరి మొహాల వైపూ ఒకసారి చూసి, నీళ్ళు తాగే వంకతో నవ్వు దాచుకుంది.

మర్నాడు వాళ్ళొచ్చేసరికి తీగల బాబు హాలు మీదుగా పొడుగాటి తీగలు లాగి ఉంచాడు. అవి వాళ్ళ వదిన గదిలోకి వెళ్ళాయి. అక్కడ బట్టల బీరువా తలుపులు బార్లా తీసి ఉన్నాయి, దాని ముందు రెండో మైకు.

"నా బీరువాలో ఎవరు పాడతారయ్యా?" అని వదిన వింతగా అడిగింది.

"బట్టలు గొంతుని బాగా పీల్చుకుంటాయి వదినా." అమ్మాయి వైపు తిరిగాడు. "మీరు ఈ గదిలో, అమ్మగారు నా గదిలో. ఒకరి గొంతు ఒకరి చెవిలో వినిపిస్తుంది. రికార్డయ్యేది మాత్రం వేరు వేరు ట్రాకుల్లో. ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ రెండు మైకులూ ఎక్కించుకుంటూనే ఉంటాయి. తర్వాత మీ ట్రాకు మూసేస్తే ఆవిడ గొంతొక్కటే మిగులుతుంది."

ఆమె ఆ తీగ వెంబడే చూస్తూ గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగింది. "ఇదంతా రాత్రే ఆలోచించారా?"

"మీరు నిమిషం కూడా ఇవ్వనన్నారుగా."

అప్పుడు మొదటిసారి నవ్వింది. తీగల బాబు ఆ నవ్వు చూస్తూ తీగ తట్టుకుని పడబోయాడు.

ఆ వారమంతా అలాగే సాగింది. బయట ముసురు, లోపల పాట. అరగంట కాగానే టీచరమ్మ గొంతుకి విశ్రాంతి, మిగతావాళ్ళకి టీ. ఆ టీ తాగడానికి రానురాను గంట పట్టేది. ఒకరోజు ఉండబట్టలేక అతను కళ్ళజోళ్ళ షాపుకే వెళ్ళాడు. ఆమె కుర్చీలో కూర్చోబెట్టి, కింది వరస దాకా అక్షరాలు చదివించి, దీపం ఆర్పేసింది.

"మీ కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. దేనికొచ్చినట్టు?"

"అదే... బ్రహ్మాండంగా ఉన్నాయని మీ నోటితో విందామని."

"విన్నారుగా, వెళ్ళండి. నా పని చెడగొట్టకండి," అంది గానీ, వీధి మలుపు తిరిగేదాకా అద్దాల తలుపు దగ్గరే నిలబడింది.

చివరి రోజు వచ్చింది. ఇక ఒక్క పాటే మిగిలింది. మర్నాడే ఆసుపత్రిలో చేరాలి. టీచరమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అతను కూడా తనవి మెడలోకి జార్చాడు.

"ఒక మాట అడగనా బాబూ? రేపటి తర్వాత ఎప్పుడు అడగగలనో ఏమో."

"అడగండమ్మా."

"మా అమ్మాయంటే నీకు ఇష్టమేనా?"

అతను వేలికి ఒక తీగ చుట్టుకున్నాడు. అబద్ధం ఆడాలనిపించలేదు. "ఇష్టమేనండీ. ఆవిడ తిడుతున్నప్పుడు కూడా ఇంకాసేపు తిడితే బాగుండుననిపిస్తుంది. రేపటినుంచి రారంటే ఈ గదిలో నాకేం పనో తెలియట్లేదు. కానీ ఇప్పుడు మీ ఆరోగ్యం ముఖ్యం. అందుకే నోరు మూసుకున్నాను."

అంటూనే తెర వైపు చూశాడు. తన గొంతుకి తగ్గట్టు ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. టీచరమ్మ ముందున్న మైకు తెరిచే ఉంది. ఆ మైకు ఎక్కడికి వెళ్తుందో అతనికి తెలుసు. దారి వేసింది తానే కదా! వదిన గదిలో, ఆ అమ్మాయి చెవుల్లోకి.

తెర వైపు మళ్ళీ చూడలేక, కాసేపు బల్ల కింది తీగల్ని ఉత్తినే సర్దాడు. ఆఖరికి మైకు వైపు వంగాడు. "త... తర్వాతి పాట మొదలుపెడదామండీ."

హెడ్‌ఫోన్లు పెట్టుకునేసరికి అటునుంచి చప్పుడే లేదు. చివరి పాట తల్లీకూతుళ్ళు ఎక్కడా తొణక్కుండా పాడారు. అమ్మాయి బయటికొచ్చి గొడుగు అందుకుంది. "వస్తాం," అంది. అంతే. అతని వైపు చూడలేదు.

ఆపరేషను బాగా జరిగిందని వదిన ఫోను చేసి కనుక్కుంది. కొన్నాళ్ళు బొత్తిగా మాట్లాడకూడదట. తీగల బాబు తల వంచుకుని పనిలో పడ్డాడు. టీచరమ్మ ట్రాకులన్నీ శుభ్రం చేసి పంపించాడు. "అందాయి" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ ముక్కని ఎన్నిసార్లు చదివినా అందులో కోపమే కనిపించింది. తల్లి ఆసుపత్రికి వెళ్ళేముందు ఇదా నేను వాగింది అని తనను తాను తిట్టుకున్నాడు.

ముసురు వదిలిన ఒక మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరూ మెట్లెక్కి వచ్చారు. టీచరమ్మ మెడకి మెత్తటి గుడ్డ చుట్టుకుంది. నవ్వుతూ చెయ్యెత్తి పలకరించి కూర్చుంది. కూతురు మాత్రం నిలబడే ఉంది.

"పాటలన్నీ విన్నారా?"

"చాలాసార్లు."

"అన్నీ?"

"అన్నీ."

"విని కూడా ఒక ఫోను లేదు, ఒక పలుకు లేదు. ఎంత ధైర్యం మీకు!"

అతను తెల్లబోయాడు. "నేనా? మాట్లాడకుండా వెళ్ళిపోయింది మీరు కదా."

"నేను మాట్లాడలేదా? అంతా చెప్పానుగా! దానికి మీరేమన్నారు? తర్వాతి పాట మొదలుపెడదామండీ, అట!"

"ఎప్పుడు చెప్పారు?"

"మైకులో! ఎర్ర దీపం వెలుగుతుంటే అంతా ఎక్కుతుందని మీరే చెప్పలేదూ?"

తీగల బాబు నోరు తెరుచుకుంది. "మీ ట్రాకు... మూసేశాను. అమ్మగారి గొంతు విడిగా కావాలన్నారని."

"వారం రోజులుగా?"

"వారం రోజులుగా."

ఆమె తల పట్టుకుని పక్క కుర్చీలో కూలబడింది. "తెరవండి."

తెరిచాడు. ముందు కుర్చీ కిర్రుమన్న చప్పుడు. తర్వాత బట్టల బీరువా ముందు నుంచి, చాలా దగ్గరగా, ఆమె గొంతు.

"అమ్మా, నీకు బొత్తిగా సిగ్గు లేదు... ఆయన్ని అడిగావు గానీ నన్నడగవేం?" చిన్న నవ్వు. "ఇదిగో తీగల బాబు గారూ, మీకు వినపడుతోందని తెలుసు. నాక్కూడా ఇష్టమే. అమ్మ ఇంటికొచ్చాక తీరిగ్గా తిడతాను. ఇప్పుడు నా మొహం చూడకండి, పాడలేను."

అక్కడితో అయిపోయింది. అతను ఇంకోసారి వినబోతే ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టింది. "చాలు. వదిన గారు వింటారు."

"విననీ."

ఆ చెయ్యి అతని చేతి మీద పడింది. తియ్యలేదు.

అప్పుడు టీచరమ్మ గొంతు సవరించుకుంది. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఇవాళ్టినుంచి కాస్త మాట్లాడొచ్చని డాక్టరు చెప్పాడు గానీ, పొద్దుటినుంచి కూతురు ఎంత బతిమాలినా ఆవిడ పెదవి విప్పలేదు.

"బాబూ," అంది. ఆ గొంతు కొత్తగా ఉంది, కాస్త గరుకుగా, కాస్త కిందికి దిగి. అయినా అమ్మ గొంతే. కూతురి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "మీ అన్నయ్యనీ వదిననీ పిలు. ఈ కబురు నేనే చెప్తాను."