కొట్టివేయని పేజీ

పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ముప్పై రెండేళ్లు గడిపిన ఆ అధ్యాపకురాలికి రెండు విషయాలలో రాజీ లేదు. లెక్కకు వచ్చిన పేపరు లెక్కకు తిరిగి వెళ్లాలి. విద్యార్థి రాయకుండా వదిలిన తెల్ల పేజీని మూల నుంచి మూలకు ఎర్ర పెన్సిలుతో కొట్టివేయాలి. దిద్దడం పూర్తయ్యాక అందులో ఎవరూ ఏమీ చేర్చకుండా కాపాడేది ఆ ఒక్క గీతే. ఆమె బోధించేది భవనాల డ్రాయింగు. విద్యార్థులు ఆమెకు ఎర్రపెన్సిలమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినట్టు మాత్రం ఏనాడూ బయటపడలేదు.

ఆ యేడు పేపర్లు దిద్దడానికి ఆమె పొరుగూరి విశ్వవిద్యాలయానికి వెళ్లింది. మరుసటి నెలలో పదవీ విరమణ కనుక అదే ఆఖరి సారి. ఆమె చెల్లెలి కూతురు అక్కడే చదువుకుంటోంది. తన హాస్టలుకు సున్నాలు వేస్తున్నారన్న వంకతో, పెద్దమ్మకు బస చూసిపెట్టి, తాను కూడా అందులోనే చేరింది.

విశ్వవిద్యాలయం వెనుక వీధి అది. ఫోటోకాపీ దుకాణాలు, పాత పుస్తకాల కొట్లు, కాఫీ అంగళ్లు, వాటి ముందు ఒకదానిమీద ఒకటి వాలిన సైకిళ్లు. ఏ మేడ మీద నుంచో గిటారు సాధన. సాయంత్రమైతే వీధి నిండా నవ్వులూ వాదాలూ. ఒకప్పటి విద్యార్థి వసతిగృహాన్ని బాగుచేసి, గదికొక రంగు వేసి, మెట్ల పక్కన పూలకుండీలు పెట్టి, బొటీక్ హోటల్ అని బోర్డు తగిలించారు.

"ఈ వీధిలో ఇంత చవకగా ఇంత ముద్దొచ్చే గది ఇంకోటి దొరకదు పెద్దమ్మా. నువ్వు ముఖం అలా పెట్టకు," అన్నది అమ్మాయి.

"నా ముఖం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది."

"అమ్మ కూడా అదే అంటుంది."

పెద్దమ్మ అప్పటికే వసారాలో అడుగులు కొలుస్తోంది. అది వృత్తితో వచ్చిన అలవాటు. బయట పద్దెనిమిది అడుగులున్న గది, లోపల పద్నాలుగే ఉంది. మిగిలిన నాలుగు అడుగులూ చెక్క బీరువా వెనుక గోడ మింగేసింది. పైగా గదికి నాలుగు మూలలు ఉండవలసిన చోట అయిదు ఉన్నాయి.

తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన మేనేజరును ఆమె నిలబెట్టి అడిగింది. "ఈ బీరువా జరుపుతారా?"

"జరగదండీ. గోడకు బిగించేశాం."

"దాని వెనుక ఏముంది?"

"వెనకాల మెట్లు ఉండేవట మేడమ్. మా చేతికి వచ్చేటప్పటికే గోడ కట్టేసి ఉంది." అతడు నవ్వబోయాడు. "ఇన్నాళ్లలో మా గదిని అడుగులతో కొలిచినవాళ్లు మీరే."

"కట్టినవాళ్లు కొలిచి ఉండవలసింది," అన్నదామె. అతడి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

కళ్లజోడు కోసం సంచీ తెరిచినప్పుడు ఆమె ఫైలు పక్కకు జరిపింది. ఫైలు మడతలో ఒక పరీక్ష పేపరు ఉంది.

ఆ రోజు ఆమె దిద్దినవి నలభై. సాయంత్రం అయిదింటికి గుమాస్తా తొందరపెడితే లెక్కపెట్టకుండానే కట్ట కట్టి ఇచ్చేసింది. పేపరు దిద్దే గది గడప దాటడమంటే దొంగతనం కిందే లెక్క. ఆమె స్వయంగా ఇద్దరు పరీక్షకుల చేత ఈ తప్పుకే సంజాయిషీ రాయించింది.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయొచ్చుగా?" అన్నది అమ్మాయి.

"ఏమని? ముప్పై రెండేళ్లు అందరికీ నీతులు చెప్పి, పోయేముందు పేపరు ఎత్తుకొచ్చానని చెప్పనా?"

"ఎత్తుకురాలేదు కదా, వచ్చేసింది."

"పేపర్లకు కాళ్లుండవు. రేపు తొమ్మిదింటికి కట్టలు లెక్కపెడతారు. అంతకంటే ముందే ఇది కట్టలో ఉండాలి. నువ్వు ఎవరి దగ్గరా నోరు మెదపకు."

బల్ల దగ్గర కూర్చుని ఆమె పేపరు తిరగేసింది. ప్రశ్న తేలికైనదే. ఒక పాత వసతిగృహాన్ని హోటలుగా మార్చడానికి ప్లాను గీయాలి. అందులో కూల్చవలసిన గోడను ఎర్రగీతతో కొట్టి చూపాలి. గీత పడిన గోడ పడగొట్టవలసిన గోడ అన్నది మొదటి యేడు పిల్లలకు కూడా తెలిసిన పద్ధతి. తాపీమేస్త్రీలు ఆ గీతను చూసే గునపం ఎత్తుతారు.

ప్లాను ముచ్చటగా ఉంది. తలవెంట్రుక అంత సన్నని గీతలు. కానీ వెనుక మెట్లకు అడ్డంగా ఉన్న గోడ మీద ఎర్రగీత లేదు. పక్కన మార్జిన్‌లో ఆమె చేతిరాతే. "ఈ గోడను కొట్టలేదు. మెట్ల మీద ఉన్నవాళ్లకు దారి ఏది?" ఉత్తీర్ణతకు మూడు మార్కులు తక్కువ. కింద ఆమె సంతకమే.

దిద్దింది తానే. దిద్దిన జ్ఞాపకం మాత్రం లేదు.

చివరి పేజీ తెల్లగా ఉంది. దాన్ని కొట్టివేయలేదు. ఇది మరీ వింత. ఎర్ర పెన్సిలు కోసం ఆమె సంచీలో చెయ్యి పెట్టేసరికి, అమ్మాయి భుజం పట్టుకుని లేవదీసింది. "ముందు కిందికి పద. ఏదైనా తిందాం. ఆకలి మీద ఉంటే నువ్వు సగం వీధిని ఫెయిల్ చేస్తావు." పెన్సిలు సంచీలోనే ఉండిపోయింది. పేజీ తెల్లగానే ఉండిపోయింది.

వీధి సద్దుమణిగేసరికి చాలా పొద్దుపోయింది. గిటారు ఆగింది. చివరి సైకిలు గంట దూరమైంది. ఒకే మంచం మీద అమ్మాయి గోడవైపు తిరిగి నిద్రపోయింది. పెద్దమ్మకు నిద్ర రాలేదు. దిండు ఎటు తిప్పినా వేడిగానే ఉంది. తొమ్మిది గంటలు, గుమాస్తా వేళ్లు, నలభై ఉండవలసిన కట్టలో ముప్పై తొమ్మిది... ఆమె పక్కమీద ఎన్నిసార్లు దొర్లిందో లెక్కలేదు.

మొదట వాసన వచ్చింది. అప్పుడే చెక్కిన పెన్సిలు వాసన. ఆమె జీవితమంతా ఆ వాసనలోనే గడిచింది కనుక పొరబడే అవకాశం లేదు.

తరువాత చప్పుడు. బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్న చప్పుడు. తొందర లేకుండా, ఒక్కొక్క పొరే తీస్తూ... కాసేపు ఆగి, మొన చూసుకుని, మళ్లీ. అది బీరువా వెనుక నుంచి వస్తోంది.

ఆమె లేచి దీపం వేసింది. చప్పుడు ఆగింది.

బల్ల మీద పేపరు తెరిచి ఉంది. తాను మూసిపెట్టిన పేపరు. చివరి పేజీ తెల్లగా లేదు.

ఈ గది ప్లానే అది. అయిదు మూలలు. బల్ల, బీరువా, మంచానికి ఎడమ పక్క తలుపు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూపే వంపు గీత కూడా ఉంది. మంచం మీద పక్కపక్కనే రెండు చిన్న సున్నాలు. పడుకున్న మనుషుల తలలను అలాగే చూపుతారు. బీరువా వెనుక గోడ. గోడ వెనుక మెట్లు. అన్నిటికంటే కింది మెట్టు మీద మూడో సున్నా.

అమ్మాయిని లేపి బయటికి పోదామనుకున్నది. కాళ్లు కదిలాయి కూడా. కానీ ఇంత రాత్రివేళ ఏమైందని మేనేజరు అడుగుతాడు. పైకి వస్తాడు. బల్ల మీద పేపరు చూస్తాడు. వర్సిటీ ముద్ర ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది... రేపటికి వీధంతా పొక్కుతుంది. ఆమె కదలకుండా నిలబడింది. పేపరు మూసి, మీద ఫైలు పెట్టి, ఫైలు మీద నీళ్ల సీసా పెట్టింది. దీపం ఆర్పింది.

చీకటిలో కాగితం మీద పెన్సిలు నడుస్తున్న చప్పుడు. సన్నగా. శ్రద్ధగా.

"పెద్దమ్మా..." అమ్మాయి నిద్రమత్తులో గొణిగింది. "ఇంకా ఎంతసేపు గీస్తావు? పడుకో..."

పెద్దమ్మ ఆమె పక్కనే పడుకుని ఉంది. చేతులు రెండూ గుండెల మీద ఉన్నాయి.

"పడుకుంటాను," అన్నది మెల్లగా. "నువ్వు ఇటు తిరగకు."

ఈసారి దీపం వేసేసరికి సీసా నేల మీద నిలబెట్టి ఉంది. ఫైలు పక్కన సర్ది ఉంది. పేజీలో మూడో సున్నా పై మెట్టు మీదికి వచ్చింది. గోడకు ఆనుకుని ఉంది.

ఆమె భయపడింది. భయం కంటే ముందు కోపం వచ్చింది. దిద్ది సంతకం పెట్టిన పేపరులో చేర్పులా? సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసింది. ముప్పై రెండేళ్ల అలవాటు ఆ చేతిది. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు, పేజీ పొడుగునా ఒక్క గీత గీసింది.

అంతే. చప్పుడు లేదు. వాసన కూడా, కిటికీ తెరిచినట్టు, ఒక్కసారిగా పోయింది. తనలో తాను చిన్నగా తల ఊపుకుని, పేపరు సంచీలో పెట్టి, ఆమె పడుకున్నది. నిద్ర కూడా పట్టింది.

తెల్లవారాక గది మామూలుగానే ఉంది. వీధిలో దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. ఆమె స్నానం చేసి, చీర కట్టుకుని, అమ్మాయిని తట్టింది.

"లేచి నాతో రా."

"గది పన్నెండు దాకా మనదే పెద్దమ్మా. నన్ను పడుకోనీ. నువ్వెళ్లి నీ దొంగసొత్తు అప్పజెప్పి రా."

ఆమె గుమ్మంలో ఒక్క నిమిషం తటపటాయించింది. గడియారం చూసింది. ఎనిమిదీ పది. తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

పేపర్లు దిద్దే గదిలో అధికారి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. ఆమెతో కలిసి ఉద్యోగంలో చేరినవాడు. "నిన్నటి నా కట్ట ఒకసారి చూడాలి," అన్నది.

అతడు కట్ట విప్పి, వేలు తడిచేసుకుని లెక్కపెట్టాడు. "నలభై."

"మళ్లీ చూడండి."

"మీ లెక్కలో తప్పు పట్టే మొనగాడిని కానమ్మా నేను." అయినా మళ్లీ లెక్కపెట్టాడు. "నలభై. మార్కుల జాబితాలోనూ నలభై. ఒక్కటీ తగ్గలేదు. ఏం, రిటైరవుతున్నారని దిగులా?"

కట్టలో ఒక్కటీ తగ్గలేదు. ఆమె పరువుకు ఏ లోటూ రాలేదు. మరి సంచీలో ఉన్నది ఎవరి పేపరు?

వరండాలోకి వచ్చి, స్తంభం చాటున ఆమె దాన్ని తెరిచింది. తన చేతిరాత అలాగే ఉంది. "ఈ గోడను కొట్టలేదు. మెట్ల మీద ఉన్నవాళ్లకు దారి ఏది?" దాని కింద, తలవెంట్రుక అంత సన్నని పెన్సిలుతో, రాత్రి లేని రెండు మాటలు ఉన్నాయి.

"ఇప్పుడు కొట్టారు."

ఆమె చివరి పేజీ తిప్పింది. పగటి వెలుతురులో అంతా స్పష్టంగా కనబడింది. మూల నుంచి మూలకు తాను గీసిన ఎర్రగీత గదిలో ఒకే ఒక్క గోడను కోసుకుంటూ పోయింది. బీరువా వెనుక గోడను. గీత పడిన గోడ పడగొట్టవలసిన గోడ. ఆ పద్ధతి ఎన్ని వందల మందికి నేర్పిందో ఆమెకే తెలియదు.

మెట్ల మీద సున్నా లేదు. మంచం మీద ఒక్కటే ఉంది. మంచం పక్కన ఇంకొకటి.

ఆమె అమ్మాయికి ఫోన్ చేసింది. అవతల మోగుతూనే ఉంది. ఆరోసారో ఏడోసారో అమ్మాయి తీసింది. గుసగుసగా మాట్లాడింది.

"పెద్దమ్మా... నువ్వెక్కడున్నావు?"

"లేచి బయటికి రా. చెప్పులు కూడా వద్దు. ఇప్పుడే రా."

"గది ఇంత పొడుగ్గా ఉందేమిటి?"

పెద్దమ్మ ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నది. అవతల, అమ్మాయి ఊపిరి వెనుక, మెల్లగా... తొందర లేకుండా... బ్లేడు చప్పుడు.

"పెన్సిల్ చెక్కుతున్నది నువ్వనుకున్నాను," అన్నది అమ్మాయి.

"అటు చూడకు. నా మాట విను తల్లీ. మంచానికి ఎడమ పక్కే తలుపు. గోడ పట్టుకుని నడు."

ఫోన్‌లో అమ్మాయి నడుస్తున్న చప్పుడు. ఒట్టి పాదాలు. నాలుగు అడుగులు... అయిదు... ఆరు...

"ఎడమ పక్కన గోడే ఉంది పెద్దమ్మా. అంతా గోడే." ఏడుపు అణుచుకుంటున్న గొంతు. "తలుపు ఎటుంది?"

చెప్పడానికి ఆమె పేజీ వైపు చూసింది. రాత్రి తలుపూ, దాని వంపు గీతా ఉన్న చోట కాగితం కొద్దిగా గరుకుగా, తెల్లగా ఉంది. గోడ గీత అటు నుంచి ఇటు దాకా తెగకుండా సాగింది. పేజీ మడతలో నల్లని రబ్బరు పొట్టు చిన్న కుప్పగా చేరి ఉంది.

ఆమె వేలితో తాకి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.