హస్తజ్ఞాని పెట్టిన పరీక్ష

2084లో కడపలోని ఆ కాలేజీలో ఉదయం తొమ్మిదికి చేరిన పిల్లలు, పన్నెండున్నరకల్లా బీఎస్సీ జియాలజీ పూర్తి చేసుకుని బిర్యానీకి పోయేవారు.

మూడేళ్ల చదువును మూడున్నర గంటల్లో ఎక్కించే ఆ యంత్రం పేరు హస్తజ్ఞాని. మోచేతిదాకా వచ్చే పలుచని తొడుగు అది. లోపల వెంట్రుకకన్నా సన్నని సెన్సార్లు వేలల్లో ఉంటాయి. రాయిని గుర్తుపట్టే తెలివి సగం చేతిలోనే ఉంటుందన్నది దాని సూత్రం. బరువు, గరుకు, చల్లదనం, గోటితో గీరితే రాయి ఇచ్చే జవాబు, ఇవన్నీ నరాల్లో సంకేతాలుగా పారతాయి. ఒక నిపుణుడి చేతి నుంచి ఆ సంకేతాలను పట్టి, కొత్త చేతిలో నాటుతారు. దీన్ని నాడీముద్రణ అన్నారు. పుస్తకంలోని సంగతులంటారా, అవి ఎలాగూ జేబులోని యంత్రం చెబుతుంది.

ఓబులేసు ఆ డిపార్టుమెంటులో ముప్పై ఏళ్లుగా సెక్షన్ కట్టర్. రాతిని కోసి, వెలుతురు దాటేంత పలుచగా అరగదీసి, మైక్రోస్కోపు కిందికి పంపడం అతని పని. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. వెనకటి రోజుల్లో అతని గదికీ తరగతికీ మధ్య ఒకటే గోడ. పాఠం మొదలైతే మిషన్ ఆపేసి వినేవాడు. సారు ప్రశ్న అడిగితే లోపలున్న పిల్లలకన్నా ముందు ఇతని పెదవులు కదిలేవి. ఏనాటికైనా ఆ గోడకు అవతలివైపు కూర్చోవాలన్న ఆశ మాత్రం చావలేదు. ఈలోగా తొడుగు వచ్చింది. బెంచీలను లారీకెత్తించి పంపేశారు. ఆ రోజు అతను అన్నం తినలేదు.

ఇప్పుడు కొత్త నియమం వచ్చింది. కొలిచే తొడుగు వేసుకుని పది రాళ్లను గుర్తుపట్టినవాడికి, ఏ సర్టిఫికెట్టూ అడక్కుండా పట్టా ఇస్తారట. బెంచీ ఎటూ లేదు, కనీసం రిజిస్టరులో పేరైనా ఎక్కుతుందని ఓబులేసు దరఖాస్తు పెట్టాడు.

"యాభై రెండేళ్లకు పట్టా ఏం జేసుకుంటావ్ ఓబులేసన్నా?" అంది క్యాంటీన్ రమీజా.

"నీ కూతురి పెండ్లికి చదివిస్తాలే" అన్నాడు.

పరీక్ష గదిలో డాక్టర్ సుగుణమణి ఒక్కతే ఉంది. హస్తజ్ఞానిని కనిపెట్టిందీ ఆమే, ఆ శాఖకు అధిపతీ ఆమే. ఓబులేసు కొలిచే తొడుగు వేసుకున్నాడు. ఒక్కో రాయినీ తీసుకుని, తొడకు రుద్ది దుమ్ము తుడిచి, బరువు చూశాడు. ఇది ముగ్గురాయి, ఇది డోలమైటు అన్నాడు. ఒక రాతిపొడిని మునిపళ్ల మధ్య నలిపి చూశాడు. బంకరాయి అయితే నున్నగా కరుగుతుంది, ఇది గరగరలాడింది కనక ఒండ్రురాయి అన్నాడు.

"పదికి పది సరి" అంది బల్లమీది పరీక్ష యంత్రం. "కాని ఇది కాపీ, దొంగచాటుగా వేయించుకున్న ముద్ర. ఈ చేయి నా మూలముద్రతో నూటికి నూరుపాళ్లు సరిపోయింది. అది స్వర్గీయ ప్రొఫెసర్ శేషాచలపతిగారి చేయి. చిటికెనవేలు పైకెత్తడం కూడా ఆయనదే."

ఓబులేసు తన చిటికెనవేలిని చూసుకున్నాడు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు కోత మిషన్ కింద పడి నలిగింది. ఆనాటి నుంచి వంగదు. దేశమంతా జియాలజీ పట్టభద్రులు రాయి పట్టుకుంటే చిటికెనవేలు పైకెత్తేవారు. అది పెద్దాయన సొగసని జనం మెచ్చుకునేవారు. ఓబులేసూ చూసి నవ్వుకున్నాడు చాలాసార్లు.

సుగుణమణి తలెత్తలేదు. ఇరవై ఏళ్ల కిందట ఆమె, సెన్సార్లు పనిచేస్తున్నాయో లేదో చూడాలంటూ అతనికి తొడుగు వేసి, ఆరు నెలలు మ్యూజియం రాళ్లన్నీ సర్దించింది. ప్రొఫెసరు చేతులకు అప్పటికే వణుకు. పైగా ఎనిమిదో తరగతి చేయి అంటే తొడుక్కునేవాడెవడని, అలా పట్టిన ముద్రకు ఆయన పేరు పెట్టింది. ఇదంతా ఇప్పుడు గొంతు తగ్గించి చెప్పింది.

"కమిటీకి చెప్పేస్తానన్నా. ఈ రోజే పట్టా ఇస్తారు. ముద్రకు నీ పేరే పెడతాను."

యంత్రం తన ధోరణిలో చదువుకుపోతోంది. "అభ్యంతరం ఉంటే చెప్పండి. నేరం ఒప్పుకుంటే మూడేళ్ల శిక్ష. తొడుగు నిషేధం. రోజూ పదింటికి తరగతికి హాజరు కావాలి. మనిషే పాఠం చెబుతారు. నోట్సు చేత్తో రాయాలి. ఎండలో కొండలెక్కి, సుత్తితో కొట్టి రాళ్లు తేవాలి." కిందటేడు ఈ శిక్ష విని ఇద్దరు పిల్లలు ఏడ్చి కోర్టుకెక్కారు.

"బెంచీ ఉంటాదా?" అన్నాడు ఓబులేసు.

"ఉంటుంది. ప్రస్తుతం నలుగురు శిక్షితులున్నారు."

"హాజరు పిలుస్తారా?"

"పేరుపెట్టి పిలుస్తారు. పాఠం శాఖాధిపతి చెబుతారు."

సుగుణమణి యంత్రం మైకు వైపు వంగింది. ఓబులేసు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నోరెత్తద్దు సుగుణమ్మా. ఇన్నాళ్లూ ఎత్తలేదు గదా, ఇంకా మూడేండ్లు ఓపిక పట్టు." యంత్రం వైపు తిరిగాడు. "కాపీ కొట్టినాను. ఒప్పుకుంటాండా."

బతికిపోయానన్న నిట్టూర్పు సుగుణమణికి ముందు వచ్చింది. కన్నీళ్లు ఆ తర్వాత వచ్చాయి. రెండూ ఓబులేసు చూశాడు. ఆమె చేయి వదిలి, వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముందు బెంచీలో కూర్చోవచ్చునా మేడమ్?" అన్నాడు.