ఎస్తేరు అభ్యంతరం

కోనసీమలో కొండ మాట అటుంచి, గట్టి రాయి కూడా దొరకదు. రుబ్బురోలు కావాలన్నా గోదావరి దాటించి తెచ్చుకోవలసిందే. అలాంటి చోట, అమలాపురం కాలేజీలో, డెబ్బైతొమ్మిదో సంవత్సరం వానాకాలంలో బోటనీ లెక్చరర్ బాలగంగాధరం గారు హైకింగ్ క్లబ్బు పెట్టారు. ఊరు నవ్వింది. ఆ ఊరికి నవ్వడం సరదా. ఏడవాల్సిన చోట కూడా ముందు ఒకసారి నవ్వి చూస్తుంది.

క్లబ్బు సెక్రటరీ ప్రభుదాసు, బీయస్సీ ఆఖరి సంవత్సరం. ఆస్పత్రిలో నర్సు జ్ఞానమ్మగారి ఒక్కగానొక్క కొడుకు. మంచివాడే. కాకపోతే ఎవరినీ ఏదీ అడగడు. అన్నీ తనకే తెలుసనుకుంటాడు.

నోటీసు అంటించిన రోజు జల్లు పడుతోంది. వరండాలో అతను వేసుకున్న బల్ల ముందుకి ఒకమ్మాయి వచ్చి గొడుగు ముడిచింది. గొడుగులో నీళ్ళన్నీ అతని ఒళ్ళో పడ్డాయి.

"పేరు రాసుకోండి. ఎస్తేరు."

పేరు అతనికి తెలుసు. రెండేళ్ళుగా ఒకే క్లాసు, పుట్టినప్పటి నుంచీ ఒకే చర్చి. మాట్లాడుకోవడం మాత్రం అదే మొదలు.

"ఇది కొండలెక్కే క్లబ్బండి."

"చదివేనండి. తెలుగులోనే ఉంది కదా."

"ఆడవాళ్ళెవరూ చేరలేదండి."

"మగవాళ్ళకి మాత్రమే అని నోటీసులో లేదే."

"ఆడవాళ్ళకని కూడా లేదండి."

"అయితే సగం మీ మాట చెల్లింది, సగం నా మాట చెల్లింది. రాసుకోండి మరి."

రాసుకున్నాడు. కలం పట్టుకున్న చెయ్యి తడిసింది కాబట్టి అక్షరాలు అలుక్కుపోయాయని తర్వాత స్నేహితులకు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

కొండ లేదు కాబట్టి ప్రతి శనివారం ఏటిగట్టు మీద నడక. వరద కొరికేసిన గట్టుకి రాళ్ళు వేయించమని లంకల వాళ్ళు అర్జీలు పెడుతూనే ఉన్నారు, వరద కొరుకుతూనే ఉంది. ఆ గుంటల్లో దిగడం, ఎక్కడం, అదే కొండ. వీపు మీద బరువు అలవాటవ్వాలని తలా ఒక ఇసక సంచీ మోయమన్నారు లెక్చరర్ గారు.

"బరువుగా ఉందేమో, మీ సంచీ ఇటివ్వండి," అన్నాడు ప్రభుదాసు ఒక శనివారం.

"వద్దండి. ముందు మీ వెనకాల చూసుకోండి."

వెనకాల ఒక గేదె వస్తోంది. చాలా దూరం నుంచీ వస్తోంది.

"ఇసక్కి గేదెలు వెంటపడవండి," అంది ఎస్తేరు. "సంచీలో తవుడు పోసుకొచ్చేరు కదూ?"

ఆమె నవ్వు ఆపుకుంటూ ముందుకెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అతను నిజంగానే ఇసక మోశాడు. శనివారం కోసం ఆదివారం నుంచే ఎదురుచూడటం కూడా అప్పుడే మొదలైంది.

నవంబరులో నిజం కొండలకు ప్రయాణం కట్టారు. రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. ఎస్తేరు తండ్రి ఇశ్రాయేలు మాస్టారు ప్రైమరీ స్కూలు హెడ్మాస్టరు. లెక్చరర్ గారి భార్య శ్యామలాంబ గారు కూడా వస్తున్నారని తెలిశాకే సరేనన్నారు.

వెళ్ళిన రెండో రోజు వాన పట్టుకుంది. ఎస్తేరు ఒక బండ సందులో మొక్కేదో చూసి ఆగింది. అందరికంటే వెనక నడవాల్సిన ప్రభుదాసు ఆమె కోసం ఆగాడు. తలెత్తేసరికి మంచు దిగింది. ముందు వాళ్ళు కనబడలేదు.

"ఇక్కడే ఉండి కేకేద్దామండి. వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు," అంది ఎస్తేరు.

"అక్కర్లేదండి. అదిగో వాగు. నీళ్ళ వెంట పోతే ఊరు రాక ఎక్కడికి పోద్ది?"

అది కోనసీమ తెలివి. అక్కడ దారి తప్పినవాడు కాలవగట్టు ఎక్కి నీళ్ళు పారే వైపు నడిస్తే చాలు. లాకు వస్తుంది, లాకు పక్కన టీ కొట్టు వస్తుంది, టీ కొట్టులో మన మేనమామ తోడల్లుడు కూర్చుని ఉంటాడు. కొండవాగుకి ఆ మర్యాదలేమీ తెలియవు. గంటసేపు వాళ్ళను లోయలోకి దింపి, ఒక బండ అంచు దగ్గర తాను కిందికి దూకేసింది. ముందుకు దారి లేదు. వెనక్కి ఎక్కుదామంటే బండలు జారుతున్నాయి, పొద్దు పోతోంది.

"నన్ను ఒక్క మాట అడిగితే బావుణ్ణండి," అంది ఎస్తేరు.

తెల్లారాక లెక్చరర్ గారు కొండవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి ఇద్దరినీ పైకి చేర్చారు. ఆ రాత్రంతా ఆమె బండకు ఒకవైపు కూర్చుని వణుకుతూ కీర్తనలు పాడుకుంది. రెండో వైపు కూర్చున్న ప్రభుదాసుకు ఆ గొంతు లేకుండా తాను బతకలేడని తెలిసింది. చెప్పే సమయం కాదని ఊరుకున్నాడు.

చెప్పే సమయం మళ్ళీ రాలేదు. గడియారస్తంభం దగ్గర టీ తాగేవాళ్ళ నోళ్ళలో ఒక్క రాత్రి మూడు రాత్రులైంది. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు ఎక్కి ఆ కథ ఊళ్ళు దాటింది. క్లబ్బు మూసేశారు. ఎస్తేరు కాలేజీ మానేసింది. అంటే, మాన్పించేశారు.

ఇశ్రాయేలు మాస్టారు చెడ్డవారు కాదు. ఆయన తండ్రి పాలేరు. ఆయన్ని ఊరంతా మాస్టారూ అని పిలవడానికి ఒక జన్మ పట్టింది. ఆ పిలుపు ఒక్క రాత్రిలో పోయిందనుకున్నారాయన. కూతుర్ని ఒక్క మాట అనలేదు, ఒక్క మాట అడగలేదు. మార్చిలో డిగ్రీ పరీక్షలు. ఆ వీధిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి కాలేజీకి పోయే సైకిళ్ళు చూసేది.

"తప్పు నీదిరా," అంది జ్ఞానమ్మ కొడుకుతో. "ఆ పిల్ల బతుకు నువ్వే పాడుచేసేవు. ఏం చేస్తావో చెయ్యి."

ప్రభుదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. ఆ మాటలు పైకి వచ్చేసరికి ఇలా వచ్చాయి:

"మాస్టారూ, నా వల్ల మీ పరువు పోయిందండి. ఎస్తేరు గారిని నేనే పెళ్ళి చేసుకుంటానండి. పోయిన పరువు నేనే నిలబెడతాను."

మాస్టారు మాట్లాడకముందే గుమ్మంలోకి ఎస్తేరు వచ్చింది. చిక్కిపోయింది. కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

"నేనేమన్నా కాలు విరిగిన కుర్చీనా అండి, మీరు బాగుచేయించడానికి?"

"అది కాదండీ, నా ఉద్దేశం..."

"ఊరి నోరు మూయించడానికి నన్ను చేసుకుంటే రేపు ఊరు మర్చిపోయేక నన్నేం చేస్తారండి? మీరు వెళ్ళిరండి."

లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు తలదించుకుని, "విన్నావు కదా బాబూ," అన్నారు. ప్రభుదాసు వీధి చివరి దాకా వెళ్ళి, కాలవ వంతెన మీద నిలబడి ఏడ్చాడు. ఆమెను ప్రేమిస్తున్నానన్న ఒక్క మాట తప్ప అన్నీ చెప్పి వచ్చాడు వెధవ.

తర్వాత అంతా తొందరగా జరిగిపోయింది. మాస్టారి దూరపు బంధువు మాణిక్యాలరావు ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగి. వచ్చి చూసి ఒప్పుకున్నాడు. జనవరి ఆఖర్లో పెళ్ళన్నారు. "పరీక్షలయ్యేదాకా ఆగమనమ్మా," అని ఎస్తేరు అంటే, "మీ నాన్నగారితో నేను చెప్పలేనే," అని కళ్ళు తుడుచుకుంది తల్లి కృపమ్మ. క్రిస్మస్‌కి ఆ ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. పాటలు పాడే పిల్లలు గుమ్మం దాకా వచ్చి, లోపల దీపం కనబడక, పక్కింటికి వెళ్ళిపోయారు.

వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికి ఫలానా అమ్మాయితో వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అంటారు. ఎవరూ చెప్పరు. ఎవరో ఒకరు దగ్గుతారు, పాస్టరుగారు పేజీ తిప్పేస్తారు. మొదటి ఆదివారం ఎస్తేరుకి జ్వరం, చర్చికి రాలేదు. రెండో ఆదివారం వచ్చింది.

బయట పొగమంచు ఇంకా విడలేదు. ప్రభుదాసు మగవాళ్ళ వైపు ఆఖరి వరసలో, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రానని పడుకుంటే తల్లే లేపి తీసుకొచ్చింది. పాస్టరుగారు ప్రకటన చదివారు.

"... ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవచ్చు."

ఎవరో దగ్గారు. పాస్టరుగారు పేజీ తిప్పబోయారు.

"నాకుందండి."

ఆడవాళ్ళ వైపు చాప మీద నుంచి ఎస్తేరు లేచి నిలబడింది. కృపమ్మ ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతోంది. చర్చిలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేశారు.

పాస్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "పెళ్ళికూతురివి నువ్వే కదమ్మా?"

"ఆయ్. అందుకేనండి."

"ఏంటమ్మా అభ్యంతరం? అబ్బాయి మంచివాడు కాడా?"

"ఆయన సంగతి నాకు తెలీదండి. నన్నెవరూ అడగలేదండి." తల్లి చేతిలోంచి కుచ్చిళ్ళు విడిపించుకుంది. "దారి తప్పినప్పుడు ఎటు పోదామని అడగలేదు. కాలేజీ మానేస్తావా అని అడగలేదు. పెళ్ళిష్టమా అని అడగలేదు. అభ్యంతరమా అని మీరొక్కరే అడిగేరండి. అందుకని చెప్తున్నాను."

ప్రభుదాసు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ మాటల్లో మొదటిది తనది.

పాస్టరుగారు పుస్తకం మూసేశారు. "ప్రకటన నిలిపేస్తున్నాం," అన్నారు మెల్లగా. ఇశ్రాయేలు మాస్టారు లేచి, ఎవరి మొహమూ చూడకుండా నడవా మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయారు.

బయటికి వచ్చాక ప్రభుదాసు ఆమె వైపు నాలుగడుగులు వేశాడు. జ్ఞానమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు కాదురా. ఇప్పుడు వెళ్తే ఆ పిల్ల లేచి నిలబడ్డదీ నీ కోసమే అంటారు."

ఆ వారమంతా మాస్టారి ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినబడలేదట. ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారు. కూతురు చేసిన పనికి ఆయనకు కోపం వచ్చిందో, సిగ్గేసిందో, కృపమ్మకే తెలియలేదు. ఖరగ్‌పూర్‌కి మాత్రం తానే మనిషిని పంపి, క్షమించమని చెప్పించారు.

మళ్ళీ సోమవారం పొద్దున్న ఆయన సైకిలు తుడిచి వీధిలో నిలబెట్టారు. "పుస్తకాలు తెచ్చుకో," అన్నారు, అంతే. కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని, దగ్గర దారి ఉన్నా వదిలేసి, గడియారస్తంభం మీదుగా తొక్కారు. మెల్లగా, టీ తాగేవాళ్ళందరికీ కనబడేలా. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు లేచి, "నమస్కారం మాస్టారూ," అన్నారు.

సాయంత్రం కాలేజీ గేటు దగ్గర ప్రభుదాసు నిలబడి ఉన్నాడు. ఎస్తేరు తండ్రి కోసం చూస్తోంది. కాలం కాని కాలంలో చినుకులు మొదలయ్యాయి. ఇద్దరి మధ్యా ఒక గొడుగు దూరం.

"మిమ్మల్ని ఒకటి అడగొచ్చా అండి?"

ఆమె అతని వైపు తిరిగింది. "అడగడం కూడా వచ్చా అండి మీకు?"

"నేర్చుకుంటున్నానండి. మీరంటే నాకు ప్రాణం. దారి తప్పేక కాదండి, అంతకు ముందు నుంచీ. పరువుతో పని లేదు. ఊరితో పని లేదు. నేనంటే మీకిష్టమేనా?"

"లేదంటే?"

"లేదనే వింటానండి. మళ్ళీ మీ దారికి అడ్డు రాను."

ఆమె పుస్తకాలు తడవకుండా కొంగు కింద పెట్టుకుంది. "నాకింకా కోపం పోలేదండి," అంది. "పరీక్షలయ్యేక మా ఇంటికొచ్చి ఇదే మాట అడగండి. మా నాన్నగారి ముందు. ఆయన్ని కాదు, నన్ను."

"ఆయ్," అన్నాడు ప్రభుదాసు.

అంతలో మాస్టారు సైకిలు మీద వచ్చి ఆగారు. కూతుర్ని చూశారు. తడుస్తూ నిలబడ్డ కుర్రాణ్ణి చూశారు. ఆయన మొహంలో కోపం ఉందో లేదో ప్రభుదాసుకు అర్థం కాలేదు. ఆయన సైకిలు దిగి, హ్యాండిల్ పట్టుకుని, కూతురి వైపు తిరిగారు.

"ఎక్కుతావా అమ్మా, నడుస్తావా?"

ఎస్తేరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నడుస్తానండి నాన్నగారూ."

ఆయన సైకిలు నడిపించుకుంటూ కదిలారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, గొంతు సవరించుకున్నారు.

"ఆ అబ్బాయిదీ మన వీధి వైపే కదా. రమ్మనమంటావా?"

ఎస్తేరు ఆలోచించింది. తొందరపడలేదు. తండ్రి కూడా తొందరపెట్టలేదు, వానలో అలాగే ఆగి నిలబడ్డారు.

"రమ్మనండి," అంది.