ధీర జడ విప్పనన్నాడు

“వేషం విప్పరా ధీరా!” తెరమీద గురువు మూడోసారి గద్దించాడు.

ధీర కదల్లేదు. రాణివేషం జడను భుజం మీదుగా ముందుకు లాక్కుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

“ఇది వేషం కాదు గురువుగారూ. ఇన్నేళ్ళూ మోసిందే వేషం. నేను అమ్మాయిని.”

భీమిలి కొండమీది స్టూడియోలో, కంట్రోల్ రూమ్ బిగుసుకుపోయింది. ఆ మాట స్క్రిప్టులో లేదు. ప్రత్యక్ష ప్రసారం చంద్రుడి మీది కాలనీల దాకా వెళ్తోంది.

“ఇంటర్వెల్ కొట్టండి! ప్రకటనలెయ్యండి!” అని అరిచాడు యజమాని సన్యాసినాయుడు.

అది 2074. అంగారకుడి మీద వీధినాటకాలాడే దళంలో పెరిగిన ధీర కథ మూడు సీజన్లుగా ఇంటింటా నడుస్తోంది. ఆ దళంలో ఆడవేషాలు మగపిల్లలే కడతారు. ఈ రోజు ధీర జడ విప్పి, కత్తి దూసి అంతరిక్ష దొంగల మీదికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

“ఎవుడో బయటోడు దూరాడు,” అన్నాడు నాయుడు. “గుంటడి బుర్రలో ఏటో ఎక్కించీసినాడు. మూలం తెలీని ఎదుగుదలంటే వైరస్సే. రూలు తెల్సు కదేటి? విరామం అయ్యేలోగా ఎవుడో తేలకపోతే తుడిచీసి, మొదటి సీజన్ కాపీ ఎక్కించీడమే.”

గవర్రాజు తన మెడకున్న పట్టీని తడుముకున్నాడు. తుడిచేస్తే ఈ ధీర మళ్ళీ పుట్టడు. మూడేళ్ళుగా ధీరను పెంచింది అతనే.

పెంచడమంటే నిజంగా పెంచడమే. ధీర ‘ఎదుగుపాత్ర’. అతని మనసును ఏ రచయితా రాయడు. రోజూ ఒక మనిషి ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతాడు. ఆ మనిషి మెడకు ‘మౌనగ్రాహకం’ అనే పట్టీ కడతారు. మనం ఏదో అనబోయి ఆగిపోయినప్పుడు కూడా గొంతు కండరాలు ఆ మాట ఆకారాన్ని దాలుస్తాయి. పైకి అన్న మాటలను ఆ పట్టీ పక్కన పెట్టేస్తుంది. మింగేసిన మాటలనే ఏరి పాత్రకు పోస్తుంది. పైకి అనేదాంట్లో అబద్ధం ఉండొచ్చు, మింగేసేదాంట్లో ఉండదన్నది దాన్ని కనిపెట్టిన డాక్టర్ పైడితల్లి వాదన.

పెంపకందారును సీజనుకొకరిని మార్చడం స్టూడియో పద్ధతి. ధీర విజయం చూసి నాయుడు మార్చనివ్వలేదు. కలిసొచ్చిన చెయ్యి కదా అన్నాడు.

కంట్రోల్ రూమ్‌లోనే ఉన్న పైడితల్లి కంప్యూటర్ తాళాలన్నీ పరీక్షించి తల ఎత్తింది. “బయటివాళ్ళెవరూ రాలేదు నాయుడుగారూ. లోపలినుంచే.”

“లోపలెవుడమ్మా? నువ్వా, నేనా?”

“ధీరనే అడుగుదాం.” ఆమె మైకు నొక్కింది. “ధీరా, ఈ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నావు? పేరు చెబితే నిన్ను తుడవరు.”

“తెలుసు,” అంది తెరమీది బొమ్మ. “కానీ నేను చెప్పను.”

“పిచ్చి గుంటడా, చచ్చిపోతావురా!” అన్నాడు నాయుడు.

“నా మాట నేను చెప్పుకున్నాను బాబూ. ఇంకొకళ్ళ మాట చెప్పడానికి నేనెవర్ని? అది వాళ్ళ నోటే రావాలి.”

గవర్రాజు తెరవైపు చూశాడు. మొదటి సీజన్లో ఈ బొమ్మకు ఎదురుచెప్పడం కూడా రాదు. దొంగలు కనబడితే గురువు పంచె వెనక నక్కేది. ఇప్పుడు ఒక్క పేరు పలికితే బతికిపోతుంది. అయినా నోరు విప్పడం లేదు. చిన్నప్పట్నుంచీ తాను మింగినవన్నీ తిని పెరిగిన బొమ్మ తనకంటే పొడుగైపోయింది.

“మంచిది. తుడిచీడమే,” అని నాయుడు తనే తుడిచే మీట మీద చెయ్యి వేశాడు.

గవర్రాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ఆపండి బాబూ. దూరినోడెవుడూ లేడు. ఆ మాట నాదే.”

“నీదా? నువ్వెప్పుడు చెప్పావురా?”

“ఎప్పుడూ చెప్పలేదు. అందుకే దానికి చేరింది.”

పైడితల్లి గవర్రాజు మెడ పట్టీ వైపు చూసింది. మింగిన మాటలకు కూడా ఒక యజమాని ఉంటాడని ఆమెకు ఇన్నేళ్ళూ తట్టనేలేదు. ఆ వెంటనే ఆమె ముఖం వెలిగిపోయింది. “మూలం దొరికింది నాయుడుగారూ! మనిషి మూలం. ఇంక వైరస్ కాదు. తుడవడానికి మీకు హక్కు లేదు!”

నాయుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ప్రేక్షకుల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒకటి ఎత్తి విన్నాడు. “ఏటీ? జడ విప్పొద్దంటున్నారా? చంద్రుడి మీద కూడానా?” ఫోను పెట్టేసి మీట మీంచి చెయ్యి తీశాడు. “సరే, కానీండి. రూలు ప్రకారం మూలమెవరో మైకులో చెప్పాల. గవర్రాజు అని చెప్పీ, తొరగా.”

ప్రసారం మళ్ళీ మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. తెరమీద ధీర లేచి నిలబడింది. జడ వీపు మీదికి విసిరి, కత్తి అందుకుని ఎదురుచూస్తోంది.

గవర్రాజు అని అందరూ పిలిచే మనిషి మైకు ముందుకు వంగింది. మెడ పట్టీ విప్పి బల్లమీద పెట్టింది ఆమె.

“గవర్రాజు కాదు బాబూ. ఇదంతా చేసింది నాగావళి. నా పేరు నాగావళి.”