పై వరసలో ఎడమ పన్ను

అతను చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నాడు. వీపు భాగం అయింది, చేతులు అయ్యాయి, కాలరు దగ్గరికి వచ్చాడు.

"మీ ఆవిడ మంచానికి ఏ పక్క పడుకుంటుంది?" అంది అక్క, కుట్టుమిషను తొక్కుతూనే.

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"చెప్పరా. ఆఫీసరు అడిగితే కూడా ఇలాగే నీళ్లు నములుతావా?"

"ఎడమ పక్క," అన్నాడతను.

"కుడి పక్క," అంది అతని భార్య వంటగది గుమ్మంలోంచి, సరిగ్గా అదే క్షణంలో.

అక్క మిషను ఆపింది. మెడలో టేపు వేలాడుతుంటే కళ్లద్దాల పైనుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "పదకొండు రోజులు కాపురం చేశారా, వంతులవారీగా కాపలా కాశారా?"

"పడుకునేటప్పుడు ఎడమ పక్కే వదినా. లేచేసరికి కుడి పక్కన ఉంటాను," అంది ఆమె తలెత్తకుండా.

"మరి వాడెక్కడుంటాడు?"

"కింద," అన్నాడతను.

పెళ్లయి పద్నాలుగు నెలలైంది. ఈసారి ఆమె సెలవు పెట్టి వచ్చేదాకా, ఇద్దరూ ఒక చోట ఉన్నది పెళ్లి కొత్తలో ఆ పదకొండు రోజులే. ఆమె వేరే దేశంలో ఒక పళ్ల ల్యాబులో పని చేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి, ఊడిపోయిన పళ్ల స్థానంలో పెట్టే పళ్లు తయారుచేస్తుంది. అతను ఈ ఊళ్లోనే ఫొటో స్టూడియోలో కూర్చుని పెళ్లి ఫొటోలకి మెరుగులు దిద్దుతాడు. భార్య దగ్గరికి వెళ్లడానికి భర్త పెట్టుకునే వీసా కోసం ఇప్పుడీ హడావిడి. ఫారంలో అతని పేరు పక్కన 'డిపెండెంట్' అని ఉంది. అది చదివిన రోజు నుంచి అక్క తమ్ముణ్ణి ఆ పేరుతోనే పిలుస్తోంది.

"డిపెండెంటు గారూ, కాలరు మాడుతోంది."

ఇంటర్వ్యూ ఆ రోజే. ఇద్దరూ రావాలన్నారు కాబట్టి ఆమె మూడు వారాల సెలవు పెట్టి వచ్చింది. ఇంకా తొమ్మిది రోజులు మిగిలాయి. ఈసారి కాదంటే మళ్లీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టాలి. ఇంకో ఏడాదిన్నర ఫోనులోనే కాపురం.

వచ్చిన దగ్గర్నుంచి ఇద్దరికీ మాట్లాడుకోవడానికి సందు దొరకలేదు. ఇల్లు రెండు గదులు. ముందు గదిలో అక్క, మిషను, బల్ల. ఆ బల్లకి ఈ చివర అతను, ఆ చివర ఆమె, మధ్యలో కుట్టాల్సిన బట్టల గుట్ట. అక్క నోరు మూతపడేది పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకున్నప్పుడే. అప్పుడు కూడా ముక్కుతో మాట్లాడుతుంది. ఒకప్పుడు గడగడలాడుతూ కుంటే ఆ పాత మిషను ఏడాదిగా బుద్ధిగా నిలబడుతోంది. దాంతో చప్పుడు తగ్గింది, మాటలు పెరిగాయి.

అక్క ముందు ఆమె భర్తని 'మీరు' అంటుంది. ఫోనులో మాత్రం 'నువ్వు'. ఆ 'నువ్వు' కోసం అతను తొమ్మిది వేల కిలోమీటర్ల దూరాన్ని కూడా ఒక్కోసారి క్షమించేవాడు.

"ఆల్బమ్ ఒకసారి చూడనా?" అంది ఆమె చెప్పులేసుకుంటూ.

"కవరు అంటించేశాను. నలభై ఫొటోలు, మంచి కాగితం మీద ప్రింటు. ఆఫీసరే ముచ్చటపడాలి."

ఆమె నవ్వింది. నవ్వినప్పుడే పై వరసలో ఎడమ పక్క పన్ను ఒకటి కనిపిస్తుంది. పక్క పన్ను భుజం మీదికి కాస్త ఎక్కి, తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. ల్యాబులో అందరూ అడుగుతారు, ఊరందరికీ పళ్లు చేస్తావు, నీది సరిచేయించుకోవేం అని. "రోజంతా తిన్నని పళ్లే చూస్తాను. ఇంటికి తీసుకెళ్లడానికి ఒక్కటైనా వంకరది ఉండొద్దూ?" అంటుంది.

అసలు వాళ్లిద్దరూ కలిసిందే వీసా ఫొటో దగ్గర. ఉద్యోగానికి వెళ్తూ ఆమె స్టూడియోకి వచ్చింది.

"కొంచెం నోరు మూసుకోండి," అన్నాడతను కెమెరా వెనకనుంచి.

"ఏంటీ?"

"మిమ్మల్ని కాదండీ. అంటే, మిమ్మల్నే. పళ్లు కనిపిస్తే వాళ్లు ఒప్పుకోరు."

ఆమెకి కోపం రాబోయి నవ్వు వచ్చింది. అతను బటన్ నొక్కడం మర్చిపోయాడు. ఆ ఫొటో కోసం ఆమె మూడుసార్లు రావాల్సి వచ్చింది. మొదటిసారి కొలత తప్పు. రెండోసారి వెనక రంగు తప్పు. మూడోసారి తప్పేమీ లేదు, అయినా వచ్చింది.

*

వీసా ఆఫీసులో ఇద్దర్నీ విడివిడిగా పిలిచారు. ముందు అతను వెళ్లాడు. పావుగంట తర్వాత ఎర్రబడ్డ చెవులతో బయటికొచ్చాడు. తర్వాత ఆమె.

ఆఫీసరు నడివయసు మనిషి. కళ్లద్దాలకి తాడు కట్టుకుంది. మంచం సంగతి అడగనే లేదు. పనిచేసే చోటు, అద్దె ఇల్లు, పెళ్లి తేదీ అడిగి రాసుకుంది. ఆ తర్వాత కలం పక్కన పెట్టి, "ఒకసారి నవ్వండి," అంది.

"ఏంటండీ?"

"ఫొటోకి నవ్వినట్టు కాదు. మామూలుగా."

ఆమెకి పొద్దున వదిన 'మరి వాడెక్కడుంటాడు' అన్నది గుర్తొచ్చింది. నవ్వేసింది.

ఆఫీసరు ఆ పన్ను వైపు చూసింది. ఆల్బమ్ వైపు చూసింది. "మీ ఆయన మీ పన్ను గురించి చెప్పారు. చాలాసేపు చెప్పారు," అని ఆల్బమ్ ఆమె వైపు తిప్పింది. "మరి ఇందులో ఉన్నదెవరు?"

పెళ్లికూతురు పకపకా నవ్వుతోంది. చీర తనదే, జడ తనదే. పళ్లు మాత్రం తనవి కావు. ఆ వరస ఆమెకి బాగా తెలుసు. ల్యాబు కేటలాగులో అలాంటి వరసలు రోజూ చూస్తుంది. ఒక పేజీ తిప్పింది, ఇంకొకటి తిప్పింది. నలభై ఫొటోల్లోనూ అంతే.

అతన్ని లోపలికి పిలిచారు.

"మెరుగులు దిద్దానండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"దిద్దిన ఫొటోని నేను సాక్ష్యంగా ఎలా తీసుకోను? ఈ పెళ్లికూతురు ఈమె కాదంటే మీ దగ్గర జవాబుందా?" ఆఫీసరు గొంతు పెంచలేదు. "బుధవారం లోపు కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు తెండి. లేకపోతే కాదని రాయక తప్పదు."

*

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో బట్టల గుట్ట లేదు. అయినా ఉన్నట్టే ఉంది.

"మీరు ముందే చెప్పాల్సింది," అంది ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ.

'మీరు' అంది. అక్క కూడా లేదు మరి.

"చేతి అలవాటు. వేరే ఉద్దేశమేమీ లేదు."

"నలభై ఫొటోల్లో నలభై సార్లు అలవాటా?"

"ఓనరు షోకేసులో పెడతానన్నాడు. అన్ని పెళ్లికూతుళ్లకి చేసినట్టే..."

"ఓహో. అన్ని పెళ్లికూతుళ్లలో ఒకదాన్నా?"

అతను ఏ మాట అన్నా అది వెళ్లి గోతిలోనే పడుతోంది.

"చాలాసేపు చెప్పారట ఆవిడతో. నాతో ఒక్కసారైనా చెప్పాల్సింది, నచ్చలేదని. అరగంట పని. ఆ పన్ను మీదికి తొడుగు నేనే చేసుకునేదాన్ని."

"నచ్చలేదని నేనెప్పుడన్నాను?"

"స్టాపు వచ్చింది. దిగండి."

వాన పడుతోంది. ఉన్న ఒక్క గొడుగు ఆమె చేతిలో ఉంది. కోపం కోపమే, గొడుగు మాత్రం అతని వైపే వంగి ఉంది. ఇల్లు చేరేసరికి ఆమె కుడి భుజం పూర్తిగా తడిసింది.

అక్క గుమ్మంలోనే ఎదురైంది. "ఏమైంది? పక్క తప్పు చెప్పారా?"

సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, చొక్కా కొలత తగ్గిస్తారు గానీ, మనిషినే కత్తిరిస్తారట్రా? మరి అసలువి ఏవీ?"

"స్టూడియోలో ఏడాది దాటితే చెరిపేస్తారు," అన్నాడతను. ఆమె మొహం పాలిపోవడం చూసి గబగబా, "కానీ కార్డు నా దగ్గరుంది," అన్నాడు.

"ఏ కార్డు?"

"పెళ్లి రోజు కెమెరాలో పెట్టిన మెమరీ కార్డు. ఓనరుకి కొత్తది కొనిచ్చి అది నేను తెచ్చుకున్నాను. భద్రంగా ఉంటుందని అక్క గుండీల డబ్బాలో దాచాను."

డబ్బా నేలమీద గుమ్మరించారు. తెల్ల గుండీలు, నల్ల గుండీలు, కోటు గుండీలు మంచం కిందికి, తలుపు మూలకి దొర్లాయి. ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. కార్డు లేదు.

"ఇక్కడే పెట్టాను," అన్నాడతను.

"ఎలా ఉంటుంది అది?" అంది అక్క.

"చిన్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా చిన్నది. గట్టిగా, బల్లపరుపుగా..."

అక్క గుండీలు ఏరడం ఆపేసింది. తర్వాత మెల్లగా అంది, "అదా? దేనికీ పనికిరాని పెట్టె గుండీల్లో ఎందుకుందా అనుకున్నాను."

"పారేశావా?"

"పారేస్తానా? సరిగ్గా సరిపోయింది. మిషను కాలు కింద పెట్టాను."

అతను మిషను ఎత్తిపట్టుకున్నాడు. ఆమె చెయ్యి పెట్టి పెట్టెని లాగింది. మూత మీద గీతలు పడ్డాయి, మూల చితికింది. లోపల కార్డు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏడాదిగా మీ పెళ్లిని నేనే మోయించాను. నాకూ ఒక వీసా రాయించండి," అంది అక్క, చెమట తుడుచుకుంటూ.

కంప్యూటరులో ఫొటోలు తెరుచుకున్నాయి. పన్ను ఉంది. ప్రతి ఫొటోలో, ప్రతి నవ్వులో, దాని చోట అది తొంగి చూస్తోంది. ఆమె ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోయింది. పదో ఫొటో దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినుంచి చూసింది.

"ఇవి ఆల్బమ్‌లో లేవేం?"

"అవి పాడైనవి," అన్నాడతను.

"బాగానే ఉన్నాయిగా?"

"పెళ్లికొడుకు పాడుచేశాడు."

నిజమే. ఆల్బమ్‌లో పెట్టినవాటిలో పెళ్లికొడుకు కెమెరా వైపు చూస్తున్నాడు. మిగిలిన వందల ఫొటోల్లో వాడి చూపు కెమెరా మీద లేదు. పెద్దవాళ్లు అక్షింతలు వేస్తుంటే లేదు, అందరూ వరసగా నిలబడితే లేదు. ఆమె నవ్విన ప్రతిసారీ నోరు కాస్త తెరిచి, ఆ ఎడమ పన్ను వైపే చూస్తున్నాడు, ఎవరో పిలిచి మర్చిపోయిన మనిషిలా.

"సరిచేసి చూసుకుంటే ఎవరో పరాయి అమ్మాయిలా ఉంది," అన్నాడతను. "అందుకే కార్డు చెరపనివ్వలేదు. షోకేసుకి ఆ అమ్మాయిని ఇచ్చేసి, నిన్ను దాచుకున్నాను."

ఆమె తెరమీంచి కళ్లు తీయలేదు. "దాచుకోవడానికి గుండీల డబ్బా తప్ప చోటే దొరకలేదా నీకు?" అంది.

'నీకు' అంది. అక్క అక్కడే ఉంది. తను సరిగ్గానే విన్నాడో లేదోనని అతను ఇంకోసారి అడుగుదామనుకుని, ధైర్యం చాలక ఊరుకున్నాడు.

*

బుధవారం ఆఫీసరు మొత్తం ఫొటోలు చూసింది. తొందరపడలేదు. పాడైన ఫొటోల దగ్గర కళ్లద్దాలు సర్దుకుంది.

"మొన్న ఈయన్ని ఒక ప్రశ్న అడిగాను," అంది ఆమెతో. "మీలో ఈయనకి బాగా నచ్చేది ఏమిటని. ఇద్దరూ వినొచ్చు." కాగితం తీసి చదివింది. "జవాబు, పై వరసలో ఎడమ పన్ను. అబద్ధం నవ్వుకి కనిపించదు, నిజం నవ్వుకే బయటికొస్తుంది. ఫోనులో సరిగ్గా కనిపించదు. అందుకే అక్కడికి వెళ్లాలి."

ఆమె చెవులు కూడా అతని చెవుల్లాగే ఎర్రబడ్డాయి.

"అంత చెప్పారు కదా అని ఆల్బమ్‌లో ఆ పన్ను కోసం వెతికాను. లేదు. అంతే జరిగింది," అని ఆఫీసరు స్టాంపు వేసి సంతకం పెట్టింది. కాగితం అతనికి ఇస్తూ, "ఇక మీదట ఏమీ దిద్దకండి," అంది. పెదాల చివర ఏదో కదిలింది. ఆమె కూడా నవ్వేలోపే పక్కకి తిరిగి తర్వాతి నంబరు పిలిచింది.

ఇల్లు చేరేసరికి మిషను చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. గడగడ, గడగడ. కాలు కింద పెట్టె లేదు కదా.

"అయిందా?" అంది అక్క తొక్కుతూనే.

"అయింది."

"డిపెండెంటు గారు ఎప్పుడు బయల్దేరుతున్నారు?"

"నాలుగు వారాల్లో వెళ్లొచ్చంట అక్కా."

"అక్కడ ఇస్త్రీ సరిగ్గా చెయ్యి. కాలరు మాడ్చకు. మంచం సంగతి తేల్చుకోండి ముందు, పెద్దది కొనండి. గొడుగులు రెండు కొనుక్కోండి. ఇంకా..."

మిషను ఒక్క కుదుపు కుదిపి ఆగింది. అక్క తలెత్తింది.

బల్లకి ఈ చివర తమ్ముడు, ఆ చివర మరదలు. మధ్యలో జాకెట్లు, లంగాలు, పొద్దున వచ్చిన స్కూలు యూనిఫారాలు. ఆ గుట్ట మీదుగా ఇద్దరూ ఒకే కాగితాన్ని చెరో మూల పట్టుకుని కూర్చున్నారు. పద్నాలుగు నెలలుగా ఎవరి చివర వాళ్లు పట్టుకున్నట్టే.

అక్క లేచింది. గుట్టనంతా రెండు చేతులతో ఎత్తి మిషను మీద పడేసింది. టేపు మెడలోంచి తీసి మేకుకి తగిలించింది. చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. అనలేదు. బయటికి వెళ్లి, తలుపు దగ్గరికి లాగింది.