మూతి కొలిచే దారం

"అవ్వా, పూరీలకు పిండి కలిపిపెట్టు! శనివారం మక్కళ సంతె ఉండాది!"

మా శ్రీరక్ష బడి నుంచి వస్తూనే సంచీ గడపలో పడేసి అరిచింది. మక్కళ సంతె అంటే బడి ఆవరణలో పిల్లలే అంగళ్లు పెట్టి అమ్మే సంత. మా కేజీఎఫ్‌లో అమ్మలూ అత్తలూ అందరూ వచ్చి కొంటారు.

"పానీపూరీ నీకెందుకే? నిమ్మరసం..."

"ఆ మాట ఎత్తొద్దు అవ్వా!"

పోయిన ఏడాది అది నిమ్మరసమే పెట్టింది. ఆ రోజంతా జడివాన. ఎవరు తాగుతారు? అంతా మిగిలిపోయింది. పక్క అంగట్లో అమోఘ్ పానీపూరీ మాత్రం గబగబా ఖాళీ అయింది. అప్పటి నుంచి వాడు దీన్ని "మిగులు రక్షా" అని పిలుస్తాడు. ఆ పేరు విన్నప్పుడల్లా నా మనవరాలి ముఖం మాడిపోతుంది.

"ఈసారి నా అంగట్లో ఒక్కటి కూడా మిగలకూడదు. అమోఘ్ ఏం పెడితే నేనూ అదే పెడతా!"

సరే అన్నాను. పట్టుబడితే వినే పిల్లా అది? గురువారం సాయంత్రం ఇంటి ముందు బల్ల వేసి, ఎట్లా ఉంటుందో చూద్దామని అంగడి పెట్టాం.

మా ఊరి బంగారు గనులు మూతబడి ఏళ్లయింది. గనిలోంచి తోడిపోసిన మట్టిదిబ్బలు మాత్రం మా వీధి చివర కొండల్లా అలాగే ఉన్నాయి. ఆషాఢంలో గాలి వీస్తే ఆ తెల్లటి దుమ్మంతా మా ఇళ్లకే.

ఎదురింటి చిన్నవెంకటమ్మ మొదటి పూరీ నోట్లో వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఇదేందమ్మా పాపా! పండ్ల కింద కరకరమంటా ఉండాది!"

శ్రీరక్ష గిన్నెలోకి చూసింది. పానీ మీద దుమ్ము తెట్టు కట్టింది. అంతా మోరీలో పారబోసి, ముక్కు తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది.

నేనూ పక్కన కూర్చున్నాను. "అమోఘ్‌ను చూసి అంగడి పెట్టినావు. కొనేవాళ్లను చూసినావా?" అన్నాను.

అప్పుడే నీళ్ల ట్యాంకర్ వచ్చింది. ఆడవాళ్లు బిందెలు నింపుకుని పోతున్నారు. ఒకామె బిందె మూతికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంకొకామె కొంగు కప్పింది. చిన్నవెంకటమ్మ అన్నం తినే తట్టనే బిందె మీద బోర్లించింది.

"అవ్వా, వీళ్ల మూతలన్నీ యాడ పోయినాయి?"

"ప్లాస్టిక్ బిందెకు మూత యాడిదే? ఉత్త బిందే ఇస్తారు అంగట్లో."

అది చటుక్కున లేచింది. "ఇంగ నీ పాత చీర ఒకటి తీయి అవ్వా!"

నూలు చీరను గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి కుట్టి, లోపల నాడా దూర్చాం. మా బిందెకు చక్కగా కూర్చుంది. చిన్నవెంకటమ్మ బిందెకు మాత్రం చాలలేదు. దాని మూతి వెడల్పు.

ఈసారి పిల్ల మెట్టు మీద కూర్చోలేదు. దారపుండ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "అత్తా, మీ బిందె మూతి కొలుచుకుంటా!" శుక్రవారం వేళ్లకు సూది గుచ్చుకున్నా ఆపలేదు.

శనివారం సంతలో అదే గాలి, అదే దుమ్ము. ఆడవాళ్లు శ్రీరక్ష బల్ల చుట్టూ మూగారు. మధ్యాహ్నానికి ఒక్కటంటే ఒక్క మూత మిగిలింది. దాన్ని చూస్తూ నాకే కాలు నిలవలేదు.

అంతలో అమోఘ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, పానీ ఉన్న పెద్ద గిన్నెను రెండు చేతులా పట్టుకుని. పైన కప్పిన పేపరు ఎప్పుడో ఎగిరిపోయింది.

"మిగులు ర... శ్రీరక్షా! దుమ్ము పడి ఒక గిన్నె పారబోసినా. ఇది మళ్లీ కలిపింది. ఆ మూత నాకు ఇచ్చేయి!"

ఇచ్చేస్తే అంగడి ఖాళీ. శ్రీరక్ష మూత తీసి చెయ్యి చాపింది. ఆగింది. జేబులోంచి దారం తీసి వాడి గిన్నె మూతి చుట్టూ పట్టి చూసింది.

"ఇది నీకు చాలదు అమోఘ్. గాలికి ఊడిపోతాది."

"మరి నేనేం చేసేది?"

"ఈ పళ్లెం కప్పి పట్టుకో. పెద్దది కుట్టి ఇస్తా."

మిగిలిన మూతను మడిచి బల్ల మీదే పెట్టి, సంచీలోంచి చీర ముక్క తీసి, సూదిలోకి దారం ఎక్కించింది.